పెదాల మాట

మా ఇంట్లో గుసగుసలకి చోటు లేదు. ఉప్పు అందుకోమన్నా అరుపే, ఒంట్లో ఎలా ఉందని అడిగినా అరుపే. మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మం దాకా వచ్చి, లోపలేదో పెద్ద గొడవ జరుగుతోందనుకుని వెనక్కి వెళ్ళిపోయిన సందర్భాలున్నాయి. తీరా చూస్తే లోపల జరిగేది టీలో పంచదార ఎంత వెయ్యాలన్న చర్చ. నాన్న, అన్నయ్య, నేను బట్టల మిల్లులో నేత షెడ్డు మనుషులం. అమ్మ కూడా మోకాళ్ళు మొరాయించేదాకా అక్కడే పని చేసింది. రెండు వందల మరమగ్గాలు ఒకేసారి కొట్టుకునే చోట ఏళ్ళ తరబడి ఉంటే ఎవరి గొంతైనా అలాగే తయారవుతుంది.

తమాషా ఏమిటంటే, షెడ్డులో మేం అస్సలు అరవం. అరిచినా లాభం లేదు, పక్కమనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా ఆ మోతలో వినబడదు. అక్కడ అందరిదీ పెదాల మాటే. గొంతు పెట్టకుండా, ఒక్కో మాటనీ పెదాల మీద సాగదీసి చూపిస్తాం. చాలకపోతే చేతి సైగలు కలుపుతాం. నాలుగు వరుసల అవతలున్న మనిషితో కూడా తీరిగ్గా కబుర్లు చెప్పుకోవచ్చు. చేరిన ఆర్నెల్లకి ఎవరికైనా వచ్చేస్తుంది. పెళ్ళి కబుర్లు, అలకలు, సూపర్‌వైజరు మీద జోకులు అన్నీ అలాగే నడిచేవి. సూపర్‌వైజరు అద్దాల గదిలో కూర్చునేవాడు కాబట్టి ఆయనకి ఒక్క ముక్క తెలిసేది కాదు. రోజంతా వాడకుండా మిగిలిపోయిన గొంతుని మేం ఇంటికి మోసుకొచ్చి అక్కడ ఖర్చుపెట్టేవాళ్ళం.

ఆ ఎండాకాలం మిల్లులో సమ్మె. ఒక్కొక్కరూ నాలుగు మగ్గాలు చూసుకునే చోట ఆరు చూడమన్నారు. మేం కుదరదన్నాం. దాంతోపాటు ఇంకో కోరిక కూడా పెట్టాం, షెడ్డులో ప్రతి ఒక్కరికీ సరైన చెవుల పరీక్ష చేయించాలని. కంపెనీ డాక్టరు చేసే పరీక్ష ఏమిటంటే, మన మొహం ముందు చిటికె వేసి "వినబడిందా?" అని అడగడం. చిటికె కంటికి కనబడుతూనే ఉంటుంది కదా, అందరూ తలూపేవాళ్ళు. "వినికిడి బాగుంది" అని రాసి పంపేసేవాడు.

ఆ రెండో కోరిక పెట్టించింది నేనే. యూనియన్ మీటింగులో బల్ల గుద్ది, గొంతు చించుకుని మరీ పెట్టించాను. అడ్డొచ్చినవాళ్ళ మీద కస్సున లేచాను. మధ్యలో అన్నయ్య చెయ్యెత్తి ఏదో అడగబోయాడు. "నువ్వు కూర్చో అన్నయ్యా, తర్వాత అడుగుదువుగాని" అన్నాను. కూర్చున్నాడు. ఆ తర్వాత నేను అడగలేదు, తను చెప్పలేదు. అప్పట్లో నాకు ముక్కు మీదే ఉండేది కోపం. షెడ్డులో నన్ను టపాకాయ అని పిలిచేవాళ్ళు. నిజం చెప్పొద్దూ, ఆ పేరంటే నాకు గర్వంగానే ఉండేది.

సమ్మె మొదలైన పదో రోజున అన్నయ్య కంపెనీ బస్సెక్కాడు.

సమ్మె కాదని పనికొచ్చేవాళ్ళకి కంపెనీ పాత గోదాములో మంచాలు వేసి, రోజూ పొద్దున్న బస్సులో మిల్లుకి తీసుకొచ్చేది. గేటు దగ్గర వాచ్‌మన్ తలలు లెక్కపెట్టేదాకా రెండు మూడు నిమిషాలు బస్సు ఆగుతుంది. మేమంతా అటూ ఇటూ నిలబడి ఉంటాం. ఆ రోజు మూడో కిటికీలో అన్నయ్య కనబడ్డాడు. తల వంచుకుని కూర్చున్నాడు. ముందురోజు పొద్దున నా పక్కన నిలబడి నినాదాలిచ్చిన మనిషి!

నాకు ఒళ్ళు మండిపోయింది. కాలి చెప్పు తీసి కిటికీ అద్దం మీద టపటపా కొట్టాను. "అమ్ముడుపోయావు కదరా! నీకు నాన్న లేడు, చచ్చిపోయాడనుకో! మేమెవ్వరం లేం పో!" అని అరిచాను. పుట్టి బుద్ధెరిగాక అన్నయ్యని 'రా' అనడం అదే మొదటిసారి. నాన్న నా వెనకే ఉన్నాడు. ఆయన అన్న మాటలు నేను ఇక్కడ రాయను. మమ్మల్ని చూసి ఇంకో నలుగురు బస్సు మీద పడ్డారు. గేటు పక్కన స్టూలెక్కి సూపర్‌వైజరు ఇదంతా ఫోనులో తీస్తున్నాడు. అతని మొహంలో కోపమనేదే లేదు. ఎదురుచూస్తున్నది చేతికి అందినవాడిలా ఉన్నాడు.

సాయంత్రానికల్లా నోటీసులు అంటించారు. నాతో కలిపి ఐదుగురికి సస్పెన్షన్. ఇంకొక్కసారి గొడవ జరిగితే గేటు చుట్టుపక్కల ఎవరూ నిలబడకుండా కోర్టు నుంచి ఆర్డరు తెస్తామని కింద రాశారు. గేటు దగ్గర మనిషన్నవాడు లేకపోతే సమ్మె పది రోజుల్లో చల్లారిపోతుంది. ఆ సంగతి మాకు తెలుసు, వాళ్ళకి ఇంకా బాగా తెలుసు.

ఇంటికొచ్చి నాన్న అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. అన్నయ్య చొక్కాలు తీసి వీధిలో పారేస్తానన్నాడు. నేను మంచం కింద నుంచి అన్నయ్య పెట్టె లాగాను. అప్పుడు అమ్మ కుర్చీలోంచి లేచొచ్చి ఆ పెట్టె మీద కూర్చుంది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. గొంతు పెట్టకుండా పెదాలతో అంది.

"ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో నాతో మాట్లాడాలంటే ఇలాగే. గొంతు లేచిందా, నేను పలకను."

"ఏంటీ వేషాలు? ఇదేమన్నా షెడ్డనుకున్నావా?" అని నాన్న అరిచాడు.

అమ్మ మొహం గోడకి తిప్పుకుంది.

నేనూ అరిచాను. "అంటే ఏంటమ్మా? నోరు మూసుకుని వాళ్ళ కాళ్ళ మీద పడమంటావా?"

అమ్మ తిరగలేదు. ఎంత అరిచినా తిరగలేదు. చివరికి నేనే వెళ్ళి గోడకీ అమ్మకీ మధ్య దూరి, ఒళ్ళు మండుతున్నా సరే, పెదాలతో అడిగాను. "లొంగిపోమంటావా?"

"లొంగమని నేనెక్కడన్నాను? ఆ ఫోను పట్టుకున్నవాడు దేనికోసం స్టూలెక్కాడే? నీ అరుపు కోసం. వాడికి ఏం కావాలో అది పొద్దున్నే తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టొచ్చి, పైగా పోరాడానంటావు. నేనైతే చచ్చినా ఇవ్వను."

నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటిదాకా నేను ఆ షెడ్డులోకెల్లా మొండిదాన్నని అనుకునేదాన్ని. నాకంటే మొండిది పెట్టె మీద కూర్చుని ఉంది.

తర్వాత వారం రోజులు మా ఇల్లు చూడాల్సిందే. వంటింట్లోంచి కేకేస్తే ఎవరూ పలకరు. ఏదన్నా కావాలంటే లేచి, ఎదురుగా వెళ్ళి నిలబడి, మొహంలో మొహం పెట్టి అడగాలి. ఒకరి మాట మధ్యలో ఇంకొకరు దూరడానికి లేదు. వెళ్ళిపోతూ వీపు తిప్పి ఒక మాట విసిరేసిపోదామంటే కుదరదు. నాన్న ఒకరోజు అమ్మతో పెదాల మీద పోట్లాట పెట్టుకున్నాడు. ఒక్క శబ్దం లేదు, పెదాలు అటూ ఇటూ, చేతులు పైకీ కిందకీ. మధ్యలో పక్కనున్న అద్దంలో తనని తానే చూసుకుని ఆగిపోయాడు. "నేను ఇలాగే ఉంటానా?" అని అడిగాడు. "ఇంతకంటే ఘోరంగా" అంది అమ్మ. నాన్న నవ్వాడు. సమ్మె మొదలయ్యాక ఆయన నవ్వు చూడటం అదే మొదటిసారి.

ఆ వారంలో నాకొకటి బోధపడింది. పెదాలతో తిట్టాలంటే ఎదుటిమనిషి మన మొహం చూస్తూ ఉండాలి. తిట్లు తినడానికి ఎవరు చూస్తూ నిలబడతారు? మొహం తిప్పేసుకుంటారు, అంతటితో తిట్టు గాల్లో కలిసిపోతుంది. కాబట్టి వాళ్ళకి చూడాలనిపించే మాటే అనాలి. అరుపైతే అవతలివాడికి ఇష్టం లేకపోయినా చెవిలో దూరుతుంది. ఇది అలా కాదు, చూడ్డానికి వాడు ఒప్పుకోవాలి.

ఈ సంగతి తీసుకెళ్ళి మీటింగులో చెప్పాను. మా యూనియన్ కార్యదర్శిని అందరూ మైకు బాబాయి అనేవాళ్ళు. ఆయనకి మైకు అక్కర్లేదని ఆ పేరు.

"సమ్మె అంటేనే నోరు కదే! నోరు మూసుకుని సమ్మె చేస్తే వాళ్ళు మనల్ని చూసి నవ్వరూ?" అన్నాడు.

"నోరు మూయమనట్లేదు బాబాయ్. గొంతు ఒక్కటీ ఆపమంటున్నా. వాళ్ళ ఫోనులో ఏం పడుతుందో చూద్దాం."

"చెప్పుతో కొట్టింది నువ్వే, ఇప్పుడు శాంతి పాఠాలు చెప్పేదీ నువ్వేనా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

చురుక్కుమంది. పాత నేనైతే ఆ మనిషి జుట్టు పట్టుకునేదాన్ని. వెనక్కి తిరిగి, ఆమె మొహం చూస్తూ, "అవును, నేనే. నా వల్ల నలుగురి పని పోయింది. అందుకే చెప్తున్నా" అన్నాను. "సరే, రేపొక్క రోజు చూద్దాం" అన్నాడు బాబాయి.

మర్నాడు పొద్దున బస్సొచ్చింది. గేటు దగ్గర నూట యాభై మందిమి. ఒక్క నినాదం లేదు. సూపర్‌వైజరు స్టూలెక్కి ఫోను పైకెత్తాడు. బస్సాగింది. ఒక్కొక్కరం మాకు తెలిసిన మనిషున్న కిటికీ ఎదురుగా వెళ్ళి నిలబడ్డాం. నా పక్కనావిడ లోపలున్న తన వరుస మగ్గాల ఆవిడని, "మీ పాపకి జ్వరం తగ్గిందా?" అని అడిగింది. ఇంకొకాయన, "గోదాములో దోమలున్నాయటగా, పడుకుంటున్నావా?" అన్నాడు. నేను మూడో కిటికీ దగ్గర నిలబడి, "అన్నయ్యా, ఎందుకు?" అన్నాను. అంతే అన్నాను. అన్నయ్య తలెత్తలేదు. జ్వరం పాప తల్లి మాత్రం కిటికీలోంచి, "తగ్గింది, నిన్నటి నుంచి తింటోంది" అంది. అని ఏడ్చింది.

సూపర్‌వైజరు స్టూలు మీద అటూ ఇటూ తిరిగాడు. "ఏం మాట్లాడుకుంటున్నారు? ఏంటది? గట్టిగా మాట్లాడండి!" అని అరిచాడు. ఆ గేటు దగ్గర ఆ పొద్దున అరిచినవాడు ఆయనొక్కడే. ఆ అరుపే ఆయన ఫోనులో పడి ఉంటుంది.

రోజూ ఇదే. కోపం నాకు రాలేదని కాదు. ప్రతి పొద్దునా వచ్చేది. అన్నయ్య వంచిన తల చూసినప్పుడల్లా పళ్ళ మధ్య నుంచి ఏదో తోసుకొచ్చేది. దాన్ని మింగలేదు కూడా. ఒకరోజు ఉన్నదున్నట్టు చెప్పేశాను. "నాకు చాలా కోపంగా ఉంది అన్నయ్యా. అయినా వినడానికే నిలబడ్డాను. రేపూ నిలబడతాను." ఇంకోరోజు, "నాన్న లేడన్నాను కదా, అది అబద్ధం. ఆ మాట అన్నందుకు సిగ్గుగా ఉంది" అన్నాను. చుట్టూ ఉన్నది నేత షెడ్డు, అందరికీ చదవడం వచ్చు. పెదాల మాటకి తలుపులు ఉండవు. చదివితే చదువుకోనీ అనుకున్నాను.

తొమ్మిదో రోజున బస్సు కిటికీలకి తెరలు కట్టించారు. నీలం చారల గుడ్డ. మా షెడ్డులో నేసిందే. మైకు బాబాయి ఆ తెరలు చూసి మొదట తిట్టబోయాడు, తర్వాత పడీ పడీ నవ్వాడు. "మన పెదాలకి భయపడ్డారే!" అన్నాడు. మేం ఎక్కడి వాళ్ళం అక్కడే, తెరల ఎదురుగా నిలబడ్డాం. చెప్పు గొడవ అయినప్పటి నుంచీ నాన్న గేటు దాకా వచ్చి దూరంగా ఉండేవాడు. ఆ రోజు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. వాచ్‌మన్ బస్సెక్కి తలలు లెక్కపెడుతున్నాడు.

మూడో కిటికీ తెర పక్కకి జరిగింది.

అన్నయ్య చిక్కిపోయాడు. నన్ను చూశాడు, నాన్నని చూశాడు. పెదాలు కదిపాడు.

"పరీక్ష పెడితే నేను తప్పుతాను. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిదాంట్లో పగలూ రాత్రీ మోత. చెవుడని తేలితే మగ్గం మీద నుంచి తీసేస్తారు. నాకు వచ్చిన పని ఇదొక్కటే. ఆ రోజు మీటింగులో ఇదే అడుగుదామనుకున్నా. నువ్వు కూర్చోమన్నావు."

మా ఇంట్లో, ఒకే గోడల మధ్య, తనకి ఒక చెవి పోతే మాకు తెలియలేదు. ఎలా తెలుస్తుంది? అందరం అరుస్తూనే ఉన్నాం కదా.

నాన్న ముందుకు జరిగి అద్దం మీద అరచెయ్యి పెట్టాడు. అదే అద్దం, నేను చెప్పుతో కొట్టినది. మేం నంగినంగిగా మాట్లాడతామని ఇరవయ్యేళ్ళుగా మమ్మల్ని తిడుతున్న మనిషి, అందరూ చూస్తుండగా, ఒక్కో మాటా విడమర్చి అన్నాడు.

"నాకు రెండూ పోయాయిరా. ఎవరికీ తెలియకూడదని అరుస్తూ బతికాను."

బస్సు కదిలింది. ఒక్కొక్క కిటికీ తెరా పక్కకి జరుగుతూ పోయింది. ఆ తెరల వెనక ఇంకో ముగ్గురు తమ చెవుల వైపు వేలు చూపించారు.

ఆ సాయంత్రం మీటింగులో నేను నిలబడి, కోరిక మార్చాలన్నాను. పరీక్ష ఒక్కటే అడిగితే సరిపోదు, తప్పినవాళ్ళకి మోత లేని విభాగంలో ఇదే జీతంతో పని ఇవ్వాలని కూడా రాయాలి. ఒక్కరి పని పోయినా కుదరదు.

మైకు బాబాయి మండిపడ్డాడు. "బస్సెక్కినవాళ్ళ కోసం మనం కోరిక మార్చుకోవాలా? వాళ్ళు మనల్ని ముంచబోయారు!"

"నిజమే బాబాయ్, ముంచబోయారు. ముందు మనం వాళ్ళని అడగలేదు, అదీ నిజమే. అడగకుండా కోరిక రాసింది నేను." ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. "ఒకటి అడుగుతా, కోప్పడకు. నీ చెవులు ఎలా ఉన్నాయి?"

బాబాయి నోరు తెరిచాడు. చెయ్యి కుడి చెవి మీదకి వెళ్ళింది.

"ఫోను ఎప్పుడూ ఎడమ చెవికే పెట్టుకుంటా," అన్నాడు చివరికి, నేను విన్నవాటిలోకెల్లా చిన్న గొంతుతో. "ఆ కాగితం ఇలా ఇవ్వు, రాస్తాను."

కొత్త కోరికని అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి గేటు దగ్గర పట్టుకున్నాం. మొదటి రోజు బస్సులోంచి నలుగురు దిగారు. అందులో అన్నయ్య ఉన్నాడు. మెట్ల దగ్గర వాచ్‌మన్ అడ్డం నిలబడితే, "జరగండి, మా వాళ్ళు పిలుస్తున్నారు" అన్నాడట. వారం తిరిగేసరికి బస్సులో డ్రైవరు, ఇద్దరు గుమాస్తాలు మిగిలారు. అయినా మేం గేటు వదల్లేదు, గొంతూ ఎత్తలేదు. ఎండలు తగ్గేవేళకి కంపెనీ సంతకం పెట్టింది. మగ్గాల దగ్గర మాత్రం ఐదుకి ఒప్పుకోక తప్పలేదు. దాని మీద నాకు ఇప్పటికీ మంటే. చెవుల సంగతి మాత్రం అక్షరం పొల్లుపోకుండా రాయించుకున్నాం. సస్పెండైన మిగతా నలుగురినీ వెనక్కి తీసుకున్నారు, నన్ను ఇంకో మూడు నెలలు బయటే ఉంచారు. ఆ చెప్పు తీసింది నేనే, ఆ మూడు నెలలు కూడా నావే.

పరీక్షకి బయటి నుంచి ఒకావిడ యంత్రం తీసుకొచ్చింది. చిటికెలు లేవు. గాజు తలుపున్న చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకి తొడుగులు పెట్టి, చేతికి ఒక మీట ఇస్తారు. శబ్దం వినబడగానే మీట నొక్కాలి. శబ్దం వెళ్ళినప్పుడల్లా బయట, ఆవిడ బల్ల మీద, చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. నాన్న పరీక్ష అయిపోయింది, ఏం తేలిందో వేరే చెప్పక్కర్లేదు. తర్వాత అన్నయ్య లోపలికి వెళ్ళాడు. నేను, నాన్న, అమ్మ గాజు తలుపు బయట నిలబడ్డాం.

దీపం వెలిగింది. అన్నయ్య మీట పట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. మళ్ళీ వెలిగింది. మళ్ళీ. అన్నయ్య బొటనవేలు మీట మీదే ఉంది, కదల్లేదు. ఇంకో నాలుగైదుసార్లు వెలిగాక గాజులోంచి మా వైపు చూశాడు. పెదాలు కదిపాడు.

"ఇంకా మొదలెట్టలేదా?"

లేదన్నయ్యా అనేద్దామనిపించింది. తల అడ్డంగా ఊపేస్తే ఇంకో నిమిషం నిశ్చింతగా కూర్చుంటాడు కదా అనిపించింది. నాన్న గాజు మీద చెయ్యి పెట్టాడు. ఆయన మొహంలో తొందర లేదు, వణుకు లేదు.

"మొదలెట్టారు నాన్నా," అన్నాడు పెదాలతో. "చాలాసేపయింది. ఏం పరవాలేదు, కూర్చో. మేం ఇక్కడే ఉన్నాం."

అన్నయ్య కాసేపు నాన్ననే చూశాడు. తర్వాత తలూపి, వీపు నిటారుగా పెట్టి, మీట పట్టుకుని సరిగ్గా కూర్చున్నాడు.

పరీక్ష చేసే ఆవిడ మా వైపు తిరిగి విసుక్కుంది. "పరీక్ష జరుగుతున్నప్పుడు మాట్లాడకూడదండీ."

అమ్మ ఆవిడ మొహంలోకి సూటిగా చూసింది.

"మేం చప్పుడేమీ చెయ్యలేదు కదమ్మా," అంది నెమ్మదిగా. "మాట్లాడటం మాత్రం ఆపం."